రెండు ఇంజన్ల జెట్ బోటు: జబ్బు ఇంజన్‌దా, పంపుదా?

సెకండ్ హ్యాండ్‌లో కొన్న రెండు ఇంజన్ల జెట్ బోటును నీటిలోకి దించి, రెండు థ్రాటిల్ లీవర్లనూ చివరి వరకు నెట్టారనుకుందాం. ఎడమ టాకోమీటరు (ఇంజన్ నిమిషానికి ఎన్ని చుట్లు తిరుగుతోందో చూపే మీటరు) ముల్లు 7,500 దగ్గర నిలబడింది, కుడిది 6,800 దాటడం లేదు. బోటు మెల్లగా కుడివైపుకు లాగుతోంది. ఇలాంటప్పుడు కొత్త యజమానికి ముందుగా తోచేది కుడి ఇంజన్‌కు ప్లగ్గులు మార్చడం. దానితో కుదరకపోతే పెట్రోలు ఫిల్టరు, అదీ కాకపోతే సీసాలో అమ్మే ఇంజెక్టర్ క్లీనరు. ఆ సీసాల మీద నాకు నమ్మకం తక్కువ. మంత్రాలకు చింతకాయలు రాలనట్టే, సీసా మందుకు కంప్రెషన్ (సిలిండరులో పిస్టన్ పుట్టించే ఒత్తిడి) పెరగదు. ఏదైనా విప్పడానికి ముందు ఆ రెండు ముళ్లు చెబుతున్నదేమిటో చదవాలి. ఒక ఇంజన్ బోటు యజమానికి లేని వసతి ఇక్కడ ఉంది: అదే మోడలు, అదే వయసు, అదే పెట్రోలు, అదే నీరు, అదే ఎండలో పనిచేస్తున్న రెండో ఇంజన్ పక్కనే ఉంది. ఆరోగ్యంగా ఉన్నది చేస్తున్నదేమిటో, జబ్బుపడినది చేయలేకపోతున్నదేమిటో పోల్చి చూడడమే ఈ బోట్లలో లోపాన్ని పట్టుకునే అసలు పద్ధతి.

పోలిక అర్థం కావాలంటే జెట్ పంపు నడిచే తీరు కొంత తెలియాలి. లోతు తక్కువగా ఉండి రాళ్లు పైకి కనిపించే నదుల్లో బయటకు పొడుచుకు వచ్చే ప్రొపెల్లరు పనికిరాదు కాబట్టి, న్యూజిలాండ్‌కు చెందిన బిల్ హామిల్టన్ 1950లలో ఈ పద్ధతిని నిత్య వాడకానికి తెచ్చాడు. బోటు అడుగున ఉన్న జాలీ గుండా నీరు లోపలికి వస్తుంది. పంపు లోపల తిరిగే రెక్కల చక్రం, అంటే ఇంపెల్లరు, దాన్ని వెనక్కి తోస్తుంది. దాని వెనకే కదలకుండా ఉండే రెక్కలు నీటి సుడిని సరిచేస్తాయి. చివర ఇరుకైన నాజిల్ ఆ నీటిని వేగంగా బయటకు చిమ్ముతుంది. మనం మాట్లాడుకుంటున్న తరహా బోట్లలో మధ్యలో గేర్ బాక్స్ ఉండదు. ఇంజన్ తిరిగినంతసేపూ ఇంపెల్లరు తిరుగుతూనే ఉంటుంది. రివర్స్ లీవరు చేసేదల్లా నాజిల్ ముందుకు ఒక దొప్పను దించి నీటి దారి మళ్లించడమే. అందుకే పంపు దగ్గర చెయ్యి పెట్టే ముందు ఇంజన్ ఆపితే సరిపోదు, లాన్యార్డ్ (నడిపేవారు ఒంటికి తగిలించుకునే, ఊడితే ఇంజన్‌ను ఆపే తాడు) తీసి, బ్యాటరీ స్విచ్ కూడా ఆపాలి.

ఈ అమరికలో నుంచి లోపాన్వేషణకు ఎంతో ఉపయోగపడే ఒక సంగతి బయటపడుతుంది. ప్రొపెల్లరు మీద పడే భారం బోటు బరువును బట్టి, వేగాన్ని బట్టి బాగా మారుతుంది. జెట్ పంపు భారం మాత్రం దాదాపుగా ఇంపెల్లరు తిరిగే వేగం మీదే ఆధారపడి ఉంటుంది, అది కూడా ఆ వేగపు ఘనానికి అనుపాతంలో పెరుగుతుంది. అంటే పంపు సక్రమంగా ఉన్నప్పుడు టాకోమీటరు ఒక రకంగా హార్స్‌పవర్ మీటరే. పై ఉదాహరణనే తీసుకుంటే, 6,800ను 7,500తో భాగిస్తే సుమారు 0.907, దాని ఘనం సుమారు 0.745. చూడడానికి 700 ఆర్‌పీఎం (నిమిషానికి చుట్లు) తేడానే అయినా, కుడి ఇంజన్ తన శక్తిలో నాలుగో వంతు పోగొట్టుకుంది. నాలుగు సిలిండర్ల ఇంజన్‌లో నాలుగో వంతు పోయిందంటే, ఒక సిలిండర్ పూర్తిగా చచ్చిందేమోనన్న అనుమానం సహజంగానే రావాలి. అదే 200 ఆర్‌పీఎం తేడా అయితే పోయిన శక్తి 8 శాతం లోపే. అది చచ్చిన సిలిండర్ కథ కాదు, థ్రాటిల్ కేబుల్ కథో మురికిపట్టిన గాలి దారి కథో అయి ఉంటుంది. గరిష్ఠ ఆర్‌పీఎం ఎంత ఉండాలన్నది ఇంజన్‌ను బట్టి మారుతుంది: యమహా 1.8 లీటర్ల ఇంజన్లు 7,500 పరిసరాల్లో తిరిగితే, వాటికి ముందు వచ్చిన 1,052 సీసీ ఇంజన్లు 10,000 పరిసరాల్లో తిరిగేవి. పక్క బోటు అంకెలతో పోల్చుకుని బెంగపడడం వల్ల ప్రయోజనం లేదు; పక్క ఇంజన్‌తో పోల్చుకోవాలి.

ఇప్పుడు వేగాన్ని కూడా కలిపి చూద్దాం. ఆర్‌పీఎం తక్కువగా, వేగమూ తక్కువగా ఉంటే శక్తి రావడం లేదు, అనుమానం ఇంజన్ మీద. ఆర్‌పీఎం మాత్రం రెండో ఇంజన్ కన్నా ఎక్కువగా ఎగబాకి, బోటు ముందుకు దూకకపోతే, ఇంజన్ నిర్దోషి. పంపుకు పట్టు దొరకడం లేదు. రెండో సందర్భంలో కూడా ఇంజన్‌నే విప్పేవాళ్లు ఎక్కువ. అత్త మీద కోపం దుత్త మీద చూపడమంటే ఇదే.

పంపుకు పట్టు పోవడానికి మామూలు కారణాలు మూడు నాలుగే. జాలీకి నాచు, గడ్డి, ప్లాస్టిక్ సంచి అడ్డుపడి నీరు చాలినంత రాకపోవచ్చు. తాడు షాఫ్టుకు చుట్టుకుని నీటి ప్రవాహాన్ని చెదరగొట్టవచ్చు; దీనికి తోడు నేలలో అదురు కూడా తెలుస్తుంది. ఇంపెల్లరు అంచులు రాళ్లు మింగి గంట్లు పడి ఉండవచ్చు. ఇంపెల్లరు చుట్టూ ఉండే వేర్ రింగ్ అరిగిపోయి, ముందుకు తోయాల్సిన నీరు సందులోంచి వెనక్కి జారుతూ ఉండవచ్చు. ఈ చివరిదానికి ఒక గుర్తు ఉంది: నిలిచి ఉన్న బోటును ఒక్కసారిగా పరుగెత్తిస్తే ఇంజన్ అరుస్తుంది, పంపులో గులకరాళ్లు దొర్లుతున్నట్టు గరగర వినిపిస్తుంది, బోటు కాస్త వేగం పుంజుకున్నాక అంతా సర్దుకుంటుంది. ఫీలర్ గేజ్ (సన్నటి సందులు కొలిచే రేకులు) తీసుకుని రెండు పంపుల్లోనూ ఇంపెల్లరు అంచుకూ రింగుకూ మధ్య ఎడాన్ని నాలుగు చోట్ల కొలవండి. కొత్త పంపులో అది సాధారణంగా మిల్లీమీటరులో సగం కన్నా తక్కువే ఉంటుంది. మిల్లీమీటరుకు చేరిందంటే రింగు పని అయిపోయినట్టే. కంటికి కనిపించని గంటును వేలికొన పట్టేస్తుంది: రెక్క ముందు అంచు మీద గోరును మెల్లగా లాగితే, మంచి రెక్క మీద గోరు జారిపోతుంది, దెబ్బ తిన్నదాని మీద తట్టుకుంటుంది.

వీటన్నిటికన్నా మోసకారి గాలి. పంపుకూ బోటు అడుగుకూ మధ్య సీలు వదులైతే, పంపు నీటితో పాటు గాలినీ పీల్చుకుని నురగను తోస్తుంది. కొన్ని బోట్లలో చెత్త తీయడానికి వీలుగా వెనక సీటు కింద క్లీన్ అవుట్ మూతలు పెడతారు. ఆ మూత రబ్బరు వలయం అరిగినా, మూత సరిగా బిగుసుకోకపోయినా అదే జరుగుతుంది. నేను కొన్న ఒక పాత బోటులో కుడి ఇంజన్ బయలుదేరేటప్పుడల్లా అరుస్తుంటే, ఇంపెల్లరు మార్చాను, వేర్ రింగ్ మార్చాను, ఫలితం లేకపోయింది. చివరికి ఓ రోజు క్లీన్ అవుట్ మూత తీసి తుడుస్తుంటే, వలయం మీద వెంట్రుక మందాన ఎండిన నాచు పోగు ఒకటి అడ్డంగా అతుక్కుని కనిపించింది. గుడ్డతో తుడిచి, కాస్త మెరైన్ గ్రీజు పూసి బిగించాక జబ్బు పోయింది. ఆ మూత పూర్తిగా ఊడితే నీరు బోటులోకి ఎగదన్నుతుంది కాబట్టి, దాన్ని చిన్న విషయంగా తీసుకోకూడదని ఆ రోజే అర్థమైంది.

ఆర్‌పీఎం తగ్గినప్పుడు ఇంజన్‌నే నిందించాలన్న నియమానికి కూడా ఒక మినహాయింపు ఉంది. పాత యజమాని ఒక ఇంపెల్లరు పాడైనప్పుడు, వంపు ఎక్కువున్న వేరే రకం ఇంపెల్లరును ఒకవైపు మాత్రమే బిగించి ఉంటే, ఆ వైపు ఇంజన్ ఆరోగ్యంగా ఉండి కూడా తక్కువ తిరుగుతుంది. రెండు ఇంపెల్లర్ల మీద చెక్కిన నంబర్లు ఒకటేనా అని చూడడానికి రెండు నిమిషాలు చాలు. పంపు బేరింగ్ పట్టేస్తున్నా ఇదే లక్షణం. ఇంజన్లు ఆపి, పైన చెప్పిన జాగ్రత్తలు తీసుకుని, రెండు షాఫ్టులనూ చేత్తో తిప్పి చూస్తే ఏది బరువుగా తిరుగుతోందో తెలిసిపోతుంది.

పంపును దాటి ఇంజన్ దగ్గరకు వచ్చాక వేసుకోవాల్సిన మొదటి ప్రశ్న: ఈ బోటులో ఏవి ఉమ్మడి ఆస్తి, ఏవి ఎవరికి వారివి? పెట్రోలు ట్యాంకు, దాని గాలి గొట్టం, బ్యాటరీలు, లాన్యార్డ్ స్విచ్ సాధారణంగా ఉమ్మడి. పెట్రోలు పంపు, ఇంజెక్టర్లు, ప్లగ్గులకు విద్యుత్తునిచ్చే కాయిళ్లు, ప్లగ్గులు, ఇంజన్‌ను నియంత్రించే కంప్యూటరు, కూలింగ్ గొట్టాలు, థ్రాటిల్ కేబుల్ వేరువేరు. కాబట్టి రెండు ఇంజన్లూ ఒకేసారి మొండికేస్తే ఉమ్మడి వాటిని, ఒక్కటే మొండికేస్తే విడివాటిని చూడాలి. రెండు ఇంజన్లూ ఒకే ఉదయం విడివిడిగా పాడవడమన్నది అరుదు. రెండింటికీ సెల్ఫ్ కొట్టకపోతే లాన్యార్డ్ క్లిప్, బ్యాటరీ స్విచ్ చూడక ముందే స్టార్టర్ మోటార్లు విప్పే మెకానిక్ మీద నాకు అనుమానమే. అయితే రెండిటికీ ఒకే వయసు కాబట్టి, ఒకవైపు అరిగిపోయిన గొట్టం రెండోవైపు కూడా అరుగుదల అంచున ఉంటుందన్నది మరవకూడదు.

ఒక్క ఇంజన్‌దే సమస్య అని తేలాక అన్నిటికన్నా ముందు తేలాల్సినది థ్రాటిల్. ఇంజన్లు ఆపేసి ఉండగా, ఒకరు లీవరును చివరి వరకు నెట్టి పట్టుకుంటే, ఇంకొకరు ఇంజన్ దగ్గర థ్రాటిల్ రెక్క పూర్తిగా తెరుచుకుందా అని చూడాలి. కేబుల్ సాగిపోయి రెక్క నాలుగైదు డిగ్రీలు తక్కువగా తెరుచుకుంటే, ఆ ఇంజన్ బలహీనంగా కనిపిస్తుంది తప్ప దానికి జబ్బేమీ ఉండదు. ఆ తర్వాత హెచ్చరిక దీపాలు: ఇంజన్ వేడెక్కినా, ఆయిల్ పీడనం తగ్గినా కంప్యూటరు తనంతట తానే ఆర్‌పీఎంను కట్టడి చేస్తుంది. బండ మీద కొట్టినట్టు ముల్లు ప్రతిసారీ ఒకే అంకె దగ్గర ఆగిపోతుంటే అది శక్తి చాలక ఆగడం కాదు, కంప్యూటరు ఆపడం.

ఆ రెండూ తేలాక మార్పిడి పరీక్ష మొదలుపెట్టవచ్చు. కుడి ఇంజన్ రెండో సిలిండరు కాయిల్‌ను తీసి ఎడమ ఇంజన్ రెండో సిలిండరుకు, దానిది దీనికి పెట్టి మళ్లీ నీటిలో నడిపితే, జబ్బు కాయిల్‌తో పాటు ఎడమకు వెళ్లిందా, కుడిలోనే ఉండిపోయిందా అన్నది ముళ్లే చెబుతాయి. ఇలా కాయిళ్లు, ప్లగ్గులు, రిలేలు, వీలైతే సెన్సర్లు, రూపాయి ఖర్చు లేకుండా పరీక్షించవచ్చు. నియమం ఒక్కటే: ఒకసారికి ఒక భాగమే మార్చాలి, మార్చినదాని మీద మార్కర్‌తో గుర్తు పెట్టాలి. ఒకేసారి మూడు మార్చినవాడికి జబ్బు పోవచ్చు గానీ, ఏది కారణమో ఎప్పటికీ తెలియదు. కంప్యూటర్లను మాత్రం మార్చి చూడవద్దు. కొన్ని కంపెనీల బోట్లలో అవి తాళంతో, ఆ ఇంజన్‌తో ముడిపడి ఉంటాయి. సిలిండర్లలోకి నీరు చేరిందన్న అనుమానం ఉన్న ఇంజన్ మీద కూడా ఈ పరీక్ష పనికిరాదు. ముందు దాని సంగతి వేరుగా చూడాలి.

పెట్రోలు గురించి ఎక్కువ చెప్పనవసరం లేదు, కానీ వాడిన బోట్లలో నెలల తరబడి నిలవ ఉన్న పెట్రోలు మామూలు విషయం. ఇథనాల్ కలిసిన పెట్రోలు తేమను పీల్చుకుంటుంది. మోతాదు మించితే ఇథనాల్, నీరు కలిసి అడుగుకు దిగిపోతాయి, ట్యాంకు గొట్టం సరిగ్గా అక్కడి నుంచే పీలుస్తుంది. ఒక గాజు సీసాలోకి కొంచెం పెట్రోలు తీసి గంటసేపు కదపకుండా ఉంచి, అడుగున వేరే పొర కనబడుతుందేమో చూడండి. 1990లనాటి సీ-డూ కంపెనీ పేరున్న బోట్లలో బూడిద రంగు పెట్రోలు గొట్టాలు లోపల కరిగి, ఆకుపచ్చ జిగురుగా మారి కార్బురేటర్ జాలీలను మూసేస్తాయి; ఆ గొట్టాలు ఇంకా ఉన్న బోటు దొరికితే, ఇంజన్ సరిగా నడుస్తున్నా సరే అన్నింటినీ మార్చాల్సిందే, ఎందుకంటే రెండు స్ట్రోకుల ఇంజన్‌కు పెట్రోలు తగ్గడమంటే దానితో వచ్చే చల్లదనమూ తగ్గి పిస్టన్ కాలడమే.

చచ్చిన సిలిండర్ అనుమానానికి తీర్పు చెప్పేది కంప్రెషన్ గేజ్. ముందు బ్లోయర్ (ఇంజన్ గదిలోని గాలిని బయటకు నెట్టే ఫ్యాను) నడిపి పెట్రోలు ఆవిర్లు పోగొట్టాలి. ఇలాంటి బోట్ల మీద అతికించిన హెచ్చరికలోనే నాలుగు నిమిషాలని ఉంటుంది. బ్యాటరీ పూర్తిగా ఛార్జ్ అయి ఉండాలి. ప్లగ్గులన్నీ తీసి, స్పార్కూ పెట్రోలూ ఆపి, థ్రాటిల్ పూర్తిగా తెరిచి, ముల్లు ఇక పెరగదనేంత వరకు సెల్ఫ్ కొట్టాలి. చవక గేజ్‌లు ఒక్కొక్కటి ఒక్కో అంకె చూపుతాయని చాలామంది వాటిని చిన్నచూపు చూస్తారు. ఇక్కడ ఆ బెడద లేదు. అదే గేజ్‌తో, అదే బ్యాటరీతో ఎనిమిది సిలిండర్లు కొలుస్తాం కాబట్టి, గేజ్ తప్పు చూపినా అన్నింటికీ ఒకేలా చూపుతుంది. ఏడు దగ్గర దగ్గరగా ఉండి ఒక్కటి 10 శాతం కన్నా ఎక్కువ కిందికి ఉంటే దొంగ దొరికినట్టే. నాలుగు స్ట్రోకుల ఇంజన్ అయితే ఆ సిలిండరులోకి ఒక చెంచాడు ఆయిల్ పోసి మళ్లీ కొలవాలి: అంకె పెరిగితే రింగులు, పెరగకపోతే వాల్వులు లేదా హెడ్ గాస్కెట్. తీసిన ప్లగ్గులను పారేయకుండా ఒక గుడ్డ మీద ఎడమవి ఒక వరుస, కుడివి ఒక వరుస పేర్చి చూడండి. ఏడు ప్లగ్గుల కొనలు లేత గోధుమ రంగులో ఉండగా, ఎనిమిదోదాని మరల మీద ఎర్రటి తుప్పు చుక్కలు కనబడితే, ఆ ఒక్క ప్లగ్గు మొత్తం కథ చెప్పేస్తుంది. ఆ సిలిండరులోకి నీరు వచ్చింది.

నీరు ఎలా వచ్చిందన్నదే ఈ బోట్ల విషయంలో అన్నిటికన్నా తెలుసుకోదగిన సంగతి. కారులో లాగా రేడియేటర్ లేని జెట్ బోటు ఇంజన్, తన పంపు పీడనంతో వచ్చే నది నీటినే గొట్టాల గుండా తిప్పుకుని చల్లబడుతుంది. ఆ నీరు చివరికి పొగతో పాటు ఎగ్జాస్ట్ గుండా బయటకు పోతుంది. మూసిన వలయంలో కూలెంట్ తిరిగే ఇంజన్లలో కూడా ఎగ్జాస్ట్‌ను మాత్రం బయటి నీరే చల్లబరుస్తుంది. ఆ నీటిని బయటకు నెట్టేది ఇంజన్ నడుస్తున్నప్పటి పొగ పీడనమే. ఇంజన్ ఆగిపోయి నీరు మాత్రం వస్తూ ఉంటే, ఎగ్జాస్ట్ నిండి, వెనక్కి ఎక్కి, తెరిచి ఉన్న వాల్వు గుండా సిలిండరులోకి దిగుతుంది. నేల మీద గొట్టం పెట్టి కడిగేటప్పుడు ముందు ఇంజన్ స్టార్ట్ చేసి వెంటనే నీరు వదలాలి, ముగించేటప్పుడు ముందు నీరు కట్టేసి కొన్ని క్షణాల్లో ఇంజన్ ఆపాలి అనే నియమం ఇందుకే వచ్చింది. ఈ వరుస తిరగబడితే, కడగడమే ఇంజన్‌ను ముంచడం అవుతుంది.

ఇదే ప్రమాదం రెండు ఇంజన్ల బోటుకు ఇంకో రూపంలో ఎదురవుతుంది. ఒక ఇంజన్ ఆగిపోయినప్పుడు రెండోదానితో ఒడ్డుకు చేరవచ్చన్నది ఈ బోట్లను కొనడానికి చెప్పుకునే కారణాల్లో ఒకటి. అది నిజమే గానీ, త్వరగా చేరాలని రెండో ఇంజన్‌ను గట్టిగా తొక్కితే, బోటు పరుగు వల్ల ఆగిపోయిన పంపులోకి కూడా నీరు పీడనంతో దూరి, కూలింగ్ గొట్టం గుండా ఆ ఇంజన్‌లోకి ఎక్కవచ్చు. వేరే బోటు మనల్ని లాక్కెళ్లినా అంతే. నడక వేగంతో వెళ్లడం, లేదా తయారీదారు పుస్తకంలో చూపిన చోట ఆ ఇంజన్ కూలింగ్ గొట్టాన్ని బిగించి మూయడం తప్ప మార్గం లేదు. నేను చూసిన పాడైన ఇంజన్లలో కొన్ని మొదటి లోపంతో కాదు, ఇంటికి వచ్చే దారిలో పాడైనవి. చిన్న పెట్రోలు ఫిల్టరు మూసుకుపోయి ఆగిన ఇంజన్, ఒడ్డు చేరేసరికి సిలిండర్ల నిండా నీటితో ఉండేది.

నీరు చేరిందన్న అనుమానం ఉంటే సెల్ఫ్ కొట్టకూడదు. నీరు నలగదు, పిస్టన్ పైకి వచ్చి దాన్ని ఢీకొంటే వంగేది కనెక్టింగ్ రాడ్. ముందు ప్లగ్గులు తీసి, స్పార్క్ వైర్లను ఎర్త్ చేసి, అప్పుడు సెల్ఫ్ కొడితే రంధ్రాల్లోంచి నీరు బయటకు చిమ్ముతుంది. డిప్ స్టిక్ మీద ఆయిల్ పాలు కలిపిన టీ రంగులో ఉంటే అందులోనూ నీరుంది. ఒకసారి మార్చి వదిలేయకుండా, రంగు తేరే వరకు మార్చి, కొద్దిసేపు నడిపి, మళ్లీ మార్చాలి. ఇదంతా ఆ రోజే జరగాలి, వచ్చే వారానికి వాయిదా వేస్తే తుప్పు రింగులను పట్టేస్తుంది.

వేడెక్కే సమస్యకు ముందుగా చూడాల్సినది బోటు పక్క నుంచి కారే సన్నటి నీటి ధారను. ఎడమ ధార గట్టిగా, కుడి ధార చుక్కలు చుక్కలుగా ఉంటే ఇసుకో నాచో గొట్టంలో చేరినట్టు. విద్యుత్తు విషయానికి వస్తే, నిలకడగా ఉన్న బ్యాటరీ 12.6 వోల్టులు, ఇంజన్ నడుస్తుండగా 13.5 నుంచి 14.5 మధ్య చూపాలి. సెల్ఫ్ కొట్టేటప్పుడు 10 కిందికి పడిపోతే బ్యాటరీనో, పచ్చగా చిలుం పట్టిన ఎర్త్ వైరునో చూడాలి. సూపర్‌చార్జర్ (ఇంజన్‌లోకి గాలిని ఒత్తిడితో నెట్టే పరికరం) ఉన్న తొలి సంవత్సరాల రోటాక్స్ ఇంజన్లు, అంటే సీ-డూ బోట్లలో వచ్చేవి, ఉంటే, ఆ సూపర్‌చార్జర్‌లోని సిరామిక్ వాషర్లను లోహపు వాషర్లతో మార్చారా లేదా అన్నది బిల్లుతో సహా తెలుసుకోవాలి. పగిలిన వాషర్ ముక్కలు నేరుగా ఆయిల్‌లో పడతాయి. సీ-డూ స్పోర్ట్ బోట్ల తయారీ 2012లో ఆగిపోయింది కాబట్టి, ఆ పేరున్న స్పోర్ట్ బోటు ఏదైనా ఇప్పుడు కనీసం ఆ వయసుదే.

ఇంకా కొనని వారికి రెండు మాటలు. ట్రెయిలరు మీద గొట్టం పెట్టి స్టార్ట్ చేసి చూపించిన ఇంజన్ ఏమీ రుజువు చేయదు. పంపులో నీరు లేనప్పుడు భారమే లేదు, చచ్చిన సిలిండర్ కూడా అక్కడ చక్కగా పాడుతుంది. బోటు నీటిలో ఉండాలి, ఇంజన్లు చల్లగా ఉండాలి. మీరు వెళ్లేసరికే ఒక ఇంజన్ మూత మాత్రం వెచ్చగా తగిలితే, దానిని ముందే ఎందుకు నడిపారని అడగండి. రెండు ఇంజన్ల గంటల లెక్క కూడా చూడండి. అవి జంటగా తిరిగేవి కాబట్టి దగ్గర దగ్గరగా ఉండాలి; ఒకటి 310, ఇంకొకటి 190 చూపితే, ఒకదాన్ని మార్చి ఉండాలి, లేదా చాలాకాలం అది పనిచేయకుండా పడి ఉండాలి.

లోపం దొరికి, సరిచేశాక మళ్లీ నీటిలోకి దించి, అంతే మనుషులతో, అంతే పెట్రోలుతో నడిపి, రెండు ఆర్‌పీఎంలనూ వేగాన్నీ తేదీతో రాసి పెట్టుకోండి. వచ్చే ఏడాది పోల్చడానికి పక్క ఇంజన్‌తో పాటు ఇది కూడా పనికొస్తుంది. అప్పటికీ రెండు ముళ్ల మధ్య 50, 100 తేడా కనబడితే, రెండు ఇంపెల్లర్లు అచ్చు గుద్దినట్టు ఉండవు, రెండు మీటర్లూ ఉండవు. ఆ కాస్త తేడా కోసం మళ్లీ ఇంజన్ మూత తెరవనవసరం లేదు.